సినిమా అంత బ్యాటరీ

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు కరెంటు పోయింది. రోజూ పోయే వేళే అది. టీవీలో పాత సినిమా వస్తోంది. చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముణ్ణి అక్క గుర్తుపట్టబోతుండగా తెర నల్లబడింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. నేను విసనకర్ర అందుకున్నాను.

"ఆ అక్క గుర్తుపట్టేసరికి మనకు సాయంత్రం అవుతుంది," అంది నా భార్య.

అది రెండువేల ఎనిమిది ఎండాకాలం. మాది ప్రత్తిపాడు. నేను గింజ వేరుచేసే జిన్నింగు మిల్లుకు పత్తి కొనిపెట్టేవాణ్ణి. ఎండలు ముదిరితే మిల్లు ఆగిపోతుంది కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. జబ్బు వెన్నుకు పాకిన తర్వాత నా భార్య ఎడమవైపు తిరిగి తప్ప పడుకోలేకపోయేది. డాక్టరు ఆమెకు ఒకటి చెప్పాడు, నన్ను బయటికి పిలిచి ఇంకొకటి చెప్పాడు. నేను చెప్పకపోయినా ఆ రెండోది ఆమెకు తెలిసిపోయింది. తెలిసినట్టు ఎప్పుడూ అనలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం, "ఒక్క సినిమా అయినా పేర్లు పడే దగ్గర్నుంచి శుభం కార్డు దాకా చూడాలనుందండీ. అన్నీ సగంలోనే పోతున్నాయి," అంది.

పర్చూరులో జిరాక్సు షాపు నడిపే ఆమె తమ్ముడికి ఫోను చేశాను. ల్యాప్‌టాప్ అయితే కరెంటు లేకపోయినా ఆడుతుందని, చవకవి కూడా వస్తున్నాయని చెప్పాడు. మర్నాడు గుంటూరులో కలుద్దామన్నాడు. బయల్దేరే ముందు నా భార్య తనకు ఎలాంటిది కావాలో చెప్పింది. పడుకుని చూసినా కనపడాలి. కిటికీ వెలుతురులో కనపడాలి. పక్కన కూర్చున్న నాకూ కనపడాలి.

"నా సంగతి ఎందుకు? చూసేది నువ్వు కదా."

"ఒక్కదాన్నే చూస్తే మధ్యలో ఎవరితో మాట్లాడను?"

షాపాయన చవకలో ఉన్నవి మూడు చూపించాడు. బావమరిది మెమరీ ఎంత, డిస్కు ఎంత అని అడుగుతున్నాడు. నేను మొదటిదాన్ని నా ముందుకు జరుపుకుని, ఎడమ చెంప బల్లకు ఆనించి చూశాను.

"ఏమైంది సార్, కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు షాపాయన.

"లేదండీ. పడుకుని చూస్తే ఎలా ఉంటుందోనని."

ఆయన స్క్రీను మీద ఏదో పాట పెట్టాడు. అలా పడుకుని చూస్తే అందులో మనుషుల మొహాలు బూడిద రంగులోకి మారాయి. ఇంట్లో మంచం పక్కన నేను కుర్చీ వేసుకునేది ఎటువైపో బావమరిది అటు వెళ్ళి వంగి చూశాడు.

"ఇక్కణ్ణుంచి హీరో బొగ్గులా ఉన్నాడు బావా."

రెండోదాని స్క్రీను అద్దంలా ఉంది. అందులో ట్యూబులైటు, నా బట్టతల స్పష్టంగా కనపడ్డాయి. మూడోది లావుగా, వెలిసిపోయిన రంగులో ఉంది. చూడటానికి ముచ్చటగా లేదు. కానీ పడుకుని చూసినా, పక్కనుంచి చూసినా మొహాలు మొహాల్లాగే ఉన్నాయి.

"బ్యాటరీ ఒక సినిమా అంత వస్తుందా?" అని అడిగాను.

"మూడు గంటలు ఖాయం సార్."

"సినిమా పెట్టి చూశారా?"

"ఊరికే తెరిచి ఉంచి చూశాం."

సరేనన్నాను. ఆయన లోపల్నుంచి సీలు తియ్యని పెట్టె తెప్పించాడు. నేను వద్దన్నాను. బల్ల మీద నేను చూసిందే కావాలన్నాను.

"ఇది అందరికీ చూపించే పీసు సార్. అదీ ఇదీ ఒకటే. అందరూ సీలుదే అడుగుతారు."

నా ఉద్యోగమంతా పత్తి మూటల మధ్య గడిచింది. మూటలో పైన చూపించేది ఒకటి, చెయ్యి లోపలికి పెట్టి లాగితే వచ్చేది ఒకటి. చూసిన సరుకు కళ్ళముందు ఉండగా చూడని సరుకు తీసుకోవడం నాకు అలవాటు లేదు.

"బావా, ఇది పత్తి కాదు. కొత్తది తీసుకో," అన్నాడు బావమరిది.

"కొత్తదాంట్లో మీ అక్కకు కనపడకపోతే? మళ్ళీ ఇంత దూరం ఎవరు వస్తారు?"

షాపాయన సంతోషంగా దుమ్ము తుడిచి, ఒక మౌసు ఊరికే ఇచ్చాడు.

మర్నాడు కరెంటు పోగానే మంచం మీద పీట వేసి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టాను. అద్దెకు తెచ్చిన సినిమా రెండు సీడీలు. మొదటిది బాగానే ఆడింది. ఇంటర్వెల్ తర్వాత రెండోది పెట్టి ఇంకా రెండు పాటలైనా కాలేదు, స్క్రీను ఆరిపోయింది. బావమరిదికి ఫోను చేస్తే, షాపులో నెలల తరబడి పొద్దస్తమానం ఆడించిన పీసు కదా, బ్యాటరీలో సత్తువ పోయి ఉంటుందన్నాడు. నా భార్య ఫోను తన చెవి దగ్గర పెట్టించుకుంది.

"ఒరేయ్, మీ బావ పైన పింజ చూసి కొన్నారురా. లోపల గింజలో పస చూడలేదు."

నవ్వితే ఆమెకు నడుము నొప్పి. అయినా నవ్వింది. కొత్త బ్యాటరీ తెస్తానని అతను అన్నట్టున్నాడు. "ఆగరా, చూద్దాం," అంది.

నాకు మనసు బాగోలేదు. ఆమె అడిగింది ఒక్కటే, అదీ సగంలో పోయింది. ఆమె నా మొహం చూసి, "ఇది పెళ్ళికి ముందు మా పిన్నితో చూశాను. మిగతాది నేను చెప్తాను, వినండి," అంది. కళ్ళు మూసుకుని, నెమ్మదిగా, చివరిదాకా చెప్పింది.

ఆ తర్వాత తెచ్చింది మా పెళ్ళయ్యాక వచ్చిన సినిమా, ఆమె చూసింది కాదు. ఇద్దరం ఎప్పుడు ఏ సినిమాకు వెళ్ళామో నాకు తెలుసు. బ్యాటరీ అయిపోగానే, "ఇదీ చూశాను," అంది. నేను విసురుతూ విన్నాను. హీరోయిన్ చేత, పెళ్ళికి ముందే, ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయించింది. విలన్ దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆలోచించింది.

"వీణ్ణి చంపితే ఏం వస్తుంది? మీ మిల్లులో కాటా దగ్గర కూర్చోబెడదాం."

"వద్దు. తూకంలో మోసం చేస్తాడు."

"అందుకేగా మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టేది."

"అయితే నాకు శిక్ష వేసినట్టు."

"మీరు చెప్పకుండా దాచిన వాటికి ఆ మాత్రం ఉండాలి," అంది. నా చేతిలో విసనకర్ర ఆగింది. ఆమె నా మణికట్టు పట్టుకుని, విసనకర్ర మళ్ళీ కదిలేలా మెల్లగా ఊపింది.

ఒకరోజు ఆమె చెబుతుండగా కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఇక అసలు సినిమా చూడవచ్చు కదా అని ఛార్జరు పెట్టడానికి లేచాను.

"కూర్చోండి. నాది అయిపోలేదు," అంది.

కూర్చున్నాను. ఆ రోజు ఆమె చాలాసేపు చెప్పింది. చివర్లో హీరో తల్లికి కంటి ఆపరేషన్ చేయించి, మనవరాలికి పేరు పెట్టే దగ్గర ఆపింది. "శుభం," అని తనే అంది. కాసిని మంచినీళ్ళు తాగి నిద్రపోయింది. ఆ సాయంత్రమే బావమరిదికి ఫోను చేసి, బ్యాటరీ తేవద్దని చెప్పాను.

మిల్లు మళ్ళీ మొదలవకముందే ఆమె పోయింది.

మరుసటి ఏడు బావమరిది తనంతట తనే బ్యాటరీ మార్పించాడు. ఇప్పుడు దాంట్లో సినిమా మొత్తం ఆడుతుందని చెప్పాడు. నిజమే అయి ఉంటుంది. నేను అందులో పేపరు చదువుకుంటాను, మిల్లు లెక్కలు చూసుకుంటాను. మా ఇంట్లో మధ్యాహ్నం పూట సినిమా పెట్టడం లేదు.