పక్కకు తిరిగిన దున్న

దున్న మమ్మల్ని చూడటం మానేసి పక్కకు తిరిగి నిలబడింది. నాకు మొదట భయం వేసింది అప్పుడే. అంతవరకూ అది మాకు ఎదురుగా, తల దించుకుని గడ్డి నములుతూ ఉంది. అలా ఉన్నంతసేపూ దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. పక్కకు తిరిగాక నమలడం ఆపింది. భుజం నుంచి నడుము దాకా ఉండే కండ మెల్లగా పైకి లేచింది. నా పక్కనున్న మునిరత్నం మేస్త్రికి మాత్రం సంతోషమైంది.

"చూడమ్మణ్ణీ, మన మాట వినింది" అంటూ కమ్మీల సందులోంచి కుడిచెయ్యి లోపలికి పెట్టాడు.

ఇది మూడేళ్ల కిందటి మాట. చెన్నై శివార్లలోని ఒక జంతు ప్రదర్శనశాలలో, విద్యా విభాగంలో కాంట్రాక్టు మీద బయాలజిస్టుగా పనిచేసేదాన్ని. జంతువుల ముందు పెట్టే బోర్డులు రాయడం, బడి పిల్లల్ని తిప్పి చూపించడం నా పని. అక్కడ బయాలజిస్టు చేతికి తాళంచెవి ఇవ్వరు. ఎన్‌క్లోజర్ వెనక భాగంలోకి వెళ్లాలంటే హెడ్ కీపర్ వెంట ఉండాలి. ఆ గేటు దాటాక నేను చెప్పేది సలహా, ఆయన చెప్పేది ఆర్డరు.

ఆ వేసవికి సందర్శకుల హాలులో అడవి దున్న నిలువెత్తు బొమ్మ పెట్టాలని నిర్ణయించారు. ఫైబర్‌తో చేయాలి, "దాడి చేస్తున్న భంగిమలో" ఉండాలి. పిల్లలు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారని మా డిప్యూటీ డైరెక్టర్ ఆలోచన. బొమ్మ శాస్త్రప్రకారం సరిగ్గా ఉందో లేదో చూసే పని నాకు అప్పగించారు.

అడవి దున్నని ఇక్కడ చాలామంది బైసన్ అంటారు. నీలగిరి వెళ్లొచ్చిన ప్రతి కుటుంబమూ ఫోనులో బైసన్ ఫొటో చూపిస్తుంది. అసలు బైసన్ మన దేశపు జంతువు కాదు. దానికి మెడ చుట్టూ, గడ్డం కిందా జూలు ఉంటుంది. మన అడవి దున్న గేదె కూడా కాదు, ఆవుకి దగ్గరి చుట్టం. గేదె కొమ్ములు కొడవలిలా వెనక్కి వెళితే దీని కొమ్ములు పక్కలకు వచ్చి పైకి తిరుగుతాయి. మోకాళ్ల కింద నాలుగు కాళ్లూ తెల్లగా, మేజోళ్లు తొడిగినట్టు ఉంటాయి. వీపు మీద గట్టులాంటి కండ ఉంటుంది. బొమ్మలు చేసేవాళ్లు దాదాపు అందరూ తప్పు చేసేది ఆ కండ దగ్గరే.

మునిరత్నం మేస్త్రిది పెరంబూరు. దసరా కొలువుకి మట్టి బొమ్మలు చేసే కుటుంబం. మహిషాసురుడి తలలు ఎన్ని చేశాడో ఆయనకే లెక్క తెలియదు. ఎడమచేతి వేళ్లు ఎప్పుడో అచ్చు కింద నలిగి ఇక వంగవు. పని మొత్తం కుడిచేతిదే. బొమ్మలకి కన్నూ ముక్కూ తీర్చేది ఇంట్లో ఆయనొక్కడే. కొడుకులు అచ్చులు పోస్తారు గాని, "మొహం నా చెయ్యి పడితేదా మొహం" అనేవాడు. మనం 'పడితేనే' అనేచోట ఆయన నోట తమిళపు 'దా' వస్తుంది.

ఆయన తెచ్చిన మొదటి నమూనా గేదె. నల్లగా రంగు వేసి కొమ్ములు కొంచెం పైకి వంచాడంతే. నేను చెప్పబోతుంటే ఆయనే, "తెలుసమ్మా, మా వీధిలో తిరిగే ఎనుమే ఇది. దాన్ని చూపిస్తేదా దీన్ని మారుస్తా" అన్నాడు. అందుకే లోపలికి తీసుకెళ్లాం.

హెడ్ కీపర్ సెల్వం మా ఇద్దర్నీ వెనక దారిలో పసుపు గీత దగ్గర నిలబెట్టాడు. ఆ గీతకీ పాత రైలు కమ్మీలతో కట్టిన కంచెకీ మధ్య చెయ్యి అందనంత దూరం ఉంటుంది. సెల్వానికి ఒక పద్ధతి ఉంది. ఏ జంతువు దగ్గరికి వెళ్లినా మలుపు తిరగకముందే "వరేన్‌రా, వరేన్" అని వస్తున్నట్టు గొంతు వినిపిస్తాడు. మలుపులో హఠాత్తుగా కనిపించే మనిషిని ఏ జంతువూ ఇష్టపడదు. కరుప్పన్ అనే ఆ మగ దున్న ఆయన గొంతు వినగానే చెవులు మాత్రం కదిపి, మేత మాననేలేదు.

మేస్త్రి గీత దగ్గర నిలబడి దారం పట్టుకుని కొలతలు అంచనా కట్టాడు. ఎదురుగా ఉన్నంతవరకూ ఆయనకి వీపు కనబడలేదు. "కొంచెం తిరగరా సామీ" అని బతిమాలాడు. సెల్వం నీళ్ల తొట్టి వాల్వు విప్పడానికి పక్క గదిలోకి వెళ్లాడు. అంతలోనే కరుప్పన్ తిరిగింది, మేస్త్రి గీత దాటాడు. "చేత్తో తడిమితేగానీ మట్టికి ఏం చెప్పేది?" అని ముందే అన్నాడు గాని నేను దాన్ని మాటవరసకే అనుకున్నాను.

అడవి దున్న పోట్లాటకి దిగేముందు ఎదురుగా రాదు. పక్కకు తిరిగి తన ఒళ్లంతా చూపిస్తుంది. నేనెంత ఉన్నానో చూసుకుని పో అని దాని అర్థం. పోకపోతే నెత్తితో గుద్దదు, పక్కనుంచే ఒక కొమ్ముతో కిందనుంచి పైకి ఎగదోస్తుంది. చదువుకున్న ఈ సంగతి నాకు అప్పుడు పూర్తి వాక్యంగా గుర్తు రాలేదు. మేస్త్రిని పిలిస్తే చెయ్యి లోపలే ఉంచి నా వైపు తిరిగి "ఏమ్మా" అంటాడన్నది మాత్రం తట్టింది. రెండు చేతులతో ఆయన చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి కూలబడ్డాను. ఆయన నా మీద పడ్డాడు. కమ్మీ గంట కొట్టినట్టు మోగింది. తల ఎత్తి చూస్తే, ఆయన చెయ్యి పెట్టిన సందులో కొమ్ము ఉంది.

సెల్వం పరుగెత్తుకొచ్చి ముందు దున్నతో తగ్గు గొంతులో నాలుగు మాటలు మాట్లాడాడు. అది వెనక్కి తగ్గాక మా వైపు తిరిగి తమిళంలో ఇద్దర్నీ కడిగేశాడు. గీత గీసింది ముగ్గు వేయడానికి కాదు అన్నాడు. మేస్త్రి ఏమీ వినడం లేదు. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంటున్నాడు. ఐదూ ముడుచుకున్నాకే లేచి కూర్చున్నాడు. కొలత దారం కొమ్ముకి చుట్టుకుపోయింది. ఆ రోజంతా కరుప్పన్ దానితోనే తిరిగింది.

"అది కొడతాదని నీకు ముందే తెలిసిందా?" అని అడిగాడు.

"పక్కకు తిరిగింది కదా మేస్త్రీ. అదే చెప్పడం."

"నేను ఫొటోకి నిలబడిందనుకుంటినే" అన్నాడు. కరుప్పన్ వైపు చూస్తూ, "ఇన్నేండ్లూ కోపమంతా కొమ్ముల్లో పెడతా వచ్చినా. ఈపులో ఉందా అది" అన్నాడు.

తర్వాత తెచ్చిన నమూనాలో దున్న పక్కకు తిరిగి నిలబడి ఉంది. తల కొంచెం అవతలికి, వీపు పైకి. డిప్యూటీ డైరెక్టర్ దాన్ని చుట్టూ తిరిగి చూసి, ఆర్డరులో దాడి అని ఉంది కదా అన్నారు.

"ఇదేదా సార్ దాడి. దీని తర్వాతది ఆస్పత్రి" అన్నాడు మేస్త్రి.

డిప్యూటీ డైరెక్టర్ నన్ను అడిగారు. భంగిమ సరైనదేనని, తల దించి ఎదురుగా ఉరికేటట్టు చేస్తే పిల్లలకి తప్పు నేర్పినట్టవుతుందని చెప్పాను. మేస్త్రి మహాబలిపురం గుహలోని మహిషాసురుడిని గుర్తు చేశాడు. ఆ శిల్పంలో దున్న తలవాడు కొమ్ములతో మీదికి రాడు. గద రెండు చేతులా పట్టుకుని, ఒళ్లు వెనక్కి వాల్చి నిలబడతాడు. అయినా ఎదురుగా ఉన్న దేవతకన్నా వాడిని చూస్తేనే జంకు పుడుతుంది. "ఆ రాయి కొట్టినోడు ఎనుముని బాగా చూసినోడు" అన్నాడు. చివరికి, పక్కన బోర్డు పెట్టి వివరించాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. బోర్డు నేనే రాశాను. బొమ్మ అలిగినట్టు ఉందని సందర్శకులు అంటుంటారని తర్వాత సెల్వం చెప్పాడు.

మరుసటి ఏడు ఆ ఉద్యోగం మానేశాను. ఈ సంఘటన వల్ల కాదు, స్కూలు వ్యాను వచ్చే వేళకి ఇంట్లో ఎవరూ ఉండరు కనక. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా బాల్కనీ గడియ వేశానో లేదో ఒకసారి లేచి చూసి వచ్చాను. నాది అలాంటి స్వభావం. ఆ ఉద్యోగం నాకు నేర్పింది మాత్రం భయం కాదు, చూడటం. జంతువు ముందే చెబుతుంది. మనకి కావలసిన కోణం దొరికిందన్న సంతోషంలో దాన్ని వినం.

కమ్మీ మోగిన మరునాడు ఉదయం షోళింగనల్లూరులో మా అపార్టుమెంటు ముందు పిల్లలూ నేనూ వ్యాను కోసం నిలబడ్డాం. చిత్తడి నేల వైపు నుంచి వచ్చే గేదెలు రోజూ అక్కడే సర్వీసు రోడ్డు దాటుతాయి. ఎల్‌కేజీ చదివే మా చిన్నవాడికి వాటి తోక ముట్టుకోవాలని ఒకటే ఆరాటం. రోజూ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేదాన్ని. ఆ రోజు లాగలేదు. గేదె ఎలా చెబుతుందో చూపించాను. మూతి ఎత్తి, ముందుకు చాచి, కదలకుండా మనల్నే చూస్తే ఆగిపోవాలి. వెనకాల దూడ ఉంటే ఇంకా దూరం జరగాలి. అడవి దున్న వేరు, అది పక్కకు తిరిగి వీపు లేపితే కొట్టబోతున్నట్టే. సెల్వం మామ దాని దగ్గరికి వెళ్లేటప్పుడు ముందుగా ఎందుకు గొంతు వినిపిస్తాడో కూడా చెప్పాను.

రెండో తరగతి చదివే మా అమ్మాయి హారిణి అంతా విని, "నీకు కోపమొస్తే నువ్వూ స్టవ్వు వైపు తిరిగిపోతావు కదమ్మా, అప్పుడూ దగ్గరికి రాకూడదా?" అంది.

"అప్పుడు అమ్మ ఈపు కూడా లేస్తుంది" అన్నాడు చిన్నవాడు.

"రావచ్చు. కాకపోతే వంటింటి మలుపు తిరక్కముందే గొంతు వినిపించి రండి" అన్నాను.