కాలేయాల తరఫు కోపం

అందరూ కాలేయమ్మగారని పిలిచే ఆ రసాయన శాస్త్రవేత్త వయస్సు యాభై తొమ్మిది. రంగుల కర్మాగారపు పెద్ద గుమాస్తాకు ఆమెతో ఇరవై ఏళ్ళ పరిచయం. ఆమెకున్న జబ్బు ఒక్కటే: ఇతరుల కాలేయాల తరఫున కోపం తెచ్చుకోవడం.

భోజనశాలలో ఎవరి పళ్ళెమైనా వెలవెలబోతే ముందు ఆమె కేక, వెనకే ఆమె ఇంట్లో ఉడికించి తెచ్చిన గుడ్డు వచ్చి పడేవి.

"టీ తాగేసి లేచిపోతున్నావేం? లోపల అదొకటి నీకోసం చాకిరీ చేసి చస్తోంది, తెలుసా?"

"ఏదండీ?" అన్నాడొక పనివాడు.

"నీ కాలేయం! ఈ రంగుల్లో కొన్ని క్యాన్సర్ తెచ్చే రకాలు. వాటిని విరగ్గొట్టే ఎంజైముకి గుడ్డులో ఉండే బీ-టూ విటమిన్ కావాలి. అది చాలక ప్రయోగాల్లో ఎలుకల కాలేయాలే చేతులెత్తేశాయి. నువ్వేమన్నా వాటికి బాబువా?"

"అయితే గుడ్డు తింటే చేతి తొడుగులు అక్కర్లేదా అమ్మా?"

"ఎవడన్నాడు? తొడుగులూ వేసుకో, గుడ్డూ తిను!"

గుమాస్తాగారు ఒకసారి తమ హోదాకు తగినట్లు, "నాకు ఆకలి లేదండీ" అని మనవి చేసుకున్నారు.

"ఆకలి మీది. కాలేయం ఏం పాపం చేసింది?"

ఆయన గుడ్డు తిన్నారు.

చివరికి ఒకనాడు అతిథుల ఎదుటే మేనేజరుగారి పళ్ళెంలోనూ గుడ్డు పడింది. "పనివాళ్ళ చిరిగిన తొడుగులు మార్పించని మనిషికి బిస్కెట్లొకటా!" అన్న కేకా పడింది. ఇకపై ఆమె భోజనశాల గడప తొక్కరాదని సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. దానికి నకలు తీస్తుంటే గుమాస్తాగారికి ఒళ్ళు మండింది. అయినా ఉద్యోగధర్మం కనుక ఆమె దగ్గరికి పట్టుకెళ్ళారు.

"మేనేజరుగారినైనా వదిలెయ్యొచ్చు కదండీ?"

ఆమె మొదటిసారి గొంతు తగ్గించింది.

"రంగు తొట్టె దగ్గర కొత్తగా చేరినాయన్ని చూశారా? అన్నం డబ్బా ఇంట్లో పిల్లలకి వదిలేసి, ఇక్కడ మంచినీళ్ళు తాగి లేస్తాడు. ఆయనొక్కడికే పెడితే పౌరుషానికి పోయి ముట్టడు. మేనేజరుతో సహా అందరూ తిట్లు తింటుంటే ఆయనా నోరెత్తకుండా తింటాడు. నేను రాకపోతే రేపు ఆయన్నెవరు తిడతారండీ?"

గుమాస్తాగారు ఉత్తర్వును ఆమె చేతికివ్వకుండానే వెనుదిరిగి, తమ బల్ల దగ్గర తెల్ల కాగితం తీశారు. తొట్టె దగ్గరి మనిషి ప్రస్తావన ఎక్కడా రానివ్వలేదు.

"గౌరవనీయులైన మేనేజరుగారి సముఖమునకు: సదరు ఉత్తర్వు మిక్కిలి అన్యాయమైనది. కావున దానిని వెంటనే ఉపసంహరించవలెననియు, చిరిగిన తొడుగులను నేడే మార్పించవలెననియు, కాలేయమ్మగారు భోజనశాలలో తమరు మొదలుకొని అందరినీ, ఎట్టి మినహాయింపూ లేకుండా, యథాప్రకారము బిగ్గరగా తిట్టుటకు అనుమతి దయచేయవలెననియు ఆమె తరఫున ప్రార్థించుచున్నాను."