అంగళ్ల వీధిలో నీళ్ల తొట్టి

మొన్న ఉదయం మా పక్కింటి మేడ మీది ట్యాంకు నిండి నీళ్లు ధారగా రోడ్డు మీదికి కారిపోతుంటే, నేను చేతిలో కాఫీ గ్లాసుతోనే వీధిలోకి పరుగెత్తి మోటారు ఆపమని కేకలు పెట్టాను. మా ఆయన నవ్వారు. ఇప్పుడు కర్నూల్లో రోజూ కుళాయి వస్తోంది కదా, కాసిన్ని పోతే ఏం కొంప మునిగిందని ఆయన మాట. నిజమే. కానీ వీధి వెంట నీళ్లు పారుతూ కనిపిస్తే నేను ఇప్పటికీ ఒకచోట నిలబడలేను. అది పొదుపు కాదు, భయం. ఆ భయం ఎక్కడిదో చెబితే మా పిల్లలు సినిమా కథ విన్నట్టు వింటారు. నా ఈడు వాళ్లకైతే సగం చెప్పగానే మిగతా సగం తెలిసిపోతుంది, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి, వానలు మొహం చాటేసిన ఏళ్లు. ఉద్యోగం వచ్చాకే పెళ్లి అని భీష్మించుకుని కూర్చున్న నాకు ముప్పయ్యో పడి దగ్గరపడ్డాక టీచరు ఉద్యోగం వచ్చి నందికొట్కూరులో వేశారు. సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు, ఎందుకంటే అద్దెకు ఇల్లు కావాలి కదా! ఏ గడప దగ్గర నిలబడినా అద్దె మాట కంటే ముందు "మీరేమిట్లు?" అనే మాట వచ్చేది. కులం అడగడానికి మనవాళ్లు కనిపెట్టిన మర్యాద అది. మాది బేతంచెర్ల, మాదిగ కుటుంబం, మా అమ్మ నాపరాళ్ల పాలిషింగు దగ్గర కూలికి పోయేది. ఉన్నమాట చెప్పిన ప్రతిచోటా ఆ గది అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్లు. చివరికి మా హెడ్మాస్టరు జాలిపడి అంగళ్ల వాళ్ల వీధిలో ఒక గది కుదిర్చాడు. నా ట్రంకుపెట్టె లోపల పెట్టి, ఆ ఇంటివాళ్లిచ్చిన టీ కూడా తాగేశాక, వీధి మలుపులో కళ్లద్దాలు తుడుచుకుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. నేను కడప వైపు రెడ్ల పిల్లనని చెప్పాడట. ఎవరైనా అడిగితే తలూపితే చాలునన్నాడు. ఆయనకు అది చిన్న సాయం, నాకేమో మెడ మీద కత్తి.

ఇంటామె భర్త పోయిన పెద్దావిడ. కొడుకు పొద్దున్నే బజారులో అంగడికి పోతే ఇంట్లో ఆమె ఒక్కతే, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె కఠినురాలై ఉంటే నా భయం కొంత తగ్గేదేమో. ఓళిగలు చేస్తే మొదటిది నెయ్యి వేసి నాకే పెట్టేది, జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి కూర్చునేది. ఆ చెయ్యి నా నుదుటి మీద ఉన్నంతసేపూ నాకు ఒళ్లు ఇంకాస్త కాలేది. మీ ఇంటి దేవుడెవరని అడిగినా, మీ నాయనకు పొలం ఎంతుందని అడిగినా, గబగబా పిల్లల కాపీలు దిద్దుకోవాలని గదిలోకి పారిపోయేదాన్ని. నా అంత శ్రద్ధగా కాపీలు దిద్దే టీచరు ఆ జిల్లాలో లేదని ఆమె కొడుకుతో గొప్పగా చెప్పేది! అమ్మను రావద్దని కబురు పెట్టినా ఒకసారి జొన్న రొట్టెలు మూటగట్టుకుని రానే వచ్చింది. వచ్చి, అలవాటు కొద్దీ చెప్పులు వీధిలోనే వదిలి అరుగు కింది మెట్టు మీద కూర్చుంది. పెద్దమ్మ ఎదురొచ్చి "లోపలికి రామ్మా, ఆడ కూర్చున్యావేమి?" అంటుంటే అమ్మ నా ముఖం వైపు చూసింది. లోపలికి రావచ్చునా అని కన్నతల్లి నన్ను కళ్లతో అడిగింది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఇక నీళ్ల సంగతి. ఆ ఎండాకాలం కుళాయి నాలుగు రోజులకొకసారి, తెల్లవారుజామున ఒక గడియసేపు వచ్చేది. పెరట్లో నాపబండలతో కట్టిన పెద్ద తొట్టి ఉండేది. దాని అడుగున తూముకు గుడ్డ బిగించి ఉంచేవాళ్లు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు గనక పైపు తగిలించి తొట్టి నింపడం నా పని. వంటకూ తాగడానికీ అవే నీళ్లు. మరుగుదొడ్డి కడగడానికి వెనక సందులోంచి ఒకామె వచ్చేది. మా వాళ్లే, నాకంటే పదేళ్లు పెద్దది. ఆమెకు దాహమైతే పెద్దమ్మ గడప లోపల నిలబడి చెంబుతో పైనుంచి పోసేది, ఆమె వంగి దోసిలి పట్టి తాగేది. అది చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

ఒక నీళ్ల రోజు నేను గదిలో జడ వేసుకుంటుండగా తొట్టిలోని పైపు జారి కిందపడి నీళ్లన్నీ పెరడంతా చిమ్మాయి. ఆమె చీపురు పారేసి పరుగున వచ్చి పైపు పట్టుకుని తొట్టిలో పెట్టి, మళ్లీ జారకుండా చేత్తో లోపలికి అదిమింది. చెయ్యి మోచేతిదాకా నీళ్లలో మునిగింది. వంటింటి గుమ్మంలోంచి పెద్దమ్మ అది చూసింది.

"ఏమే, తొట్లో చెయ్యి పెడ్తావా? కండ్లు నెత్తికెక్కినాయా?"

"నీళ్లు నేలపాలైతాండాయని పట్టుకొన్యానమ్మా, తప్పైపాయ" అంటూ ఆమె గోడకు అంటుకుపోయింది.

అంతవరకూ నన్ను లాలించిన ఆ గొంతు అట్లా మారగలదని నాకు తెలియదు. నేను జడ సగంలో వదిలేసి వచ్చి నిలబడ్డాను. పెద్దమ్మ నా వైపు తిరిగి, కాస్త మెత్తగానే, టీచరమ్మా ఆ గుడ్డ పీకి తొట్టంతా పారబొయ్యి అంది. మళ్లీ కుళాయి నాలుగు రోజులకు గాని రాదు. నేను వంగి గుడ్డ మీద చెయ్యి వేశాను కూడా. నిజం చెప్పాలంటే పీకేద్దామనే వంగాను. చెయ్యి కదల్లేదు. ఏ ధైర్యం వచ్చి మాట్లాడానని మాత్రం అనుకోకండి. అంతకంటే పెద్ద భయం పట్టుకుంది, ఈ గుడ్డ పీకితే ఇక జన్మంతా పీకుతూనే ఉండాలని.

"పారబోసేదేంటికి పెద్దమ్మా? నేనూ ఆమె కులందాన్నే. ఇన్నాళ్లూ నువ్వు తాగింది నా చేతి నీళ్లే."

పైపులోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. పెద్దమ్మ నన్ను చూసి, మీ సారు రెడ్లన్యాడే అంది. ఆయన అన్నాడు, నేననలేదు పెద్దమ్మా అన్నాను. ఆమె గుమ్మం పట్టుకుని నెమ్మదిగా కూలబడింది. అప్పుడు నేను, పిచ్చిదాన్ని, గోడ దగ్గర ఉన్నామె కళ్లలో కాస్త చల్లదనం కనపడుతుందని అటు చూశాను. ఆమె ముఖం నాకంటే పాలిపోయి ఉంది. వెనక సందులోకి నన్ను రమ్మని సైగ చేసి, పళ్లు బిగించి అంది:

"నీకేమమ్మా, జీతముండాది, యాడన్నా బతుకుతావు. నేను రేపు మళ్లా ఈ పెరట్లోకే రావల్ల. నన్నేంటికి నీతో కలుపుకొంటివి?"



మధ్యాహ్నం కొడుకు వచ్చాడు. గొంతు పెంచలేదు, ముఖం వైపు చూడలేదు, సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమన్నాడు. ఎదురరుగు మీద నలుగురైదుగురు మగవాళ్లు చేరి మా గుమ్మం వైపే చూస్తున్నారు. నేను పెట్టె సర్దుకుంటుంటే పెరట్లో కొడుకు గుడ్డ పీకిన చప్పుడైంది. పొద్దుటి నుంచి దాన్ని ముట్టుకునే మనిషి లేక తొట్టి అట్లాగే నిండుగా ఉండిపోయింది మరి! నేను పెట్టె నెత్తిన పెట్టుకుని వీధిలోకి దిగేసరికి ఆ నీళ్లు కాలువ దాటి నా కాళ్ల పక్కగా పారుతున్నాయి. కుళాయి దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకునే ఆడవాళ్లు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు గాని ఒక్కరూ బిందె తేలేదు. వెనక నుంచి ఎవరైనా రాయి విసురుతారేమోనని వీపంతా ముడుచుకుని, ఆ నీళ్లతో పాటే వీధి చివరిదాకా నడిచాను. పెద్దమ్మ బయటికి రాలేదు.

ఊరి బయట కాలనీలో గది దొరికింది. నోరు మూసుకుని ఉంటే పోయేదానికి అని హెడ్మాస్టరు విసుక్కున్నాడు. కొన్నాళ్లకు ఆ పనామె అటుగా పోతూ నా గుమ్మంలో ఆగి నీళ్లడిగింది. పని పోలేదట, నీళ్లు మాత్రం ఇంకా పైనుంచే పోస్తున్నారట. నేను చెంబు తీసుకుని వచ్చేసరికి, మా గుమ్మంలో, నా ముందర, ఆమె వంగి దోసిలి పట్టి ఉంది. చెంబు ఆమె చేతికిచ్చాను.

కాలం మారలేదని అనను. ఆ వీధిలో ఇప్పుడు తొట్లు లేవు, దోసిళ్లూ లేవు. కర్నూల్లో మాకు సొంత ఇల్లుంది, పై వాటా అద్దెకిస్తాం. వచ్చినవాళ్లను నేను ఏమీ అడగను. వాళ్లే, గదులన్నీ చూసి, గాలీ వెలుతురూ బాగున్నాయని మెచ్చుకుని, మెట్ల దగ్గర ఆగి, మీరేమిట్లండీ అని నవ్వుతూ అడుగుతారు. సొంత ఇంట్లో, ఈ వయసులో, నాకు అప్పటిలాగే భయమేస్తుంది. మా వాళ్లెవరో చెప్పేస్తాను. ఫోను చేస్తామని వాళ్లు దిగిపోతారు.