నెయ్యి పడిన సామల గిన్నె

నేను ఆవుల తొట్టిలో సలాడ్ గుమ్మరించిన రోజు గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. నేను మాట్లాడతాను.

మాది తమిళ ప్రాంతంలో, కారమడై దగ్గర పాడి ఉన్న తెలుగిల్లు. మా వాకిట్లోంచి కబేలాకు అమ్మిన మగదూడను టెంపోలోకి ఎక్కించడం చూసిన రోజు నుంచి నా కూతురు పాలు, పెరుగు, నెయ్యి మానేసింది. మా అత్తకు అది ఇంటికి జరిగిన అవమానం. అవమానం పాలు మానడంలో ఉందట, దూడను అమ్మడంలో లేదట. పిల్ల పట్నం వెళ్లి గాంధీపురంలో ఉద్యోగం చూసుకుని హాస్టల్లో చేరింది. ఒకసారి ఇంటికొస్తే పులుసులో మజ్జిగ కలిపి పెట్టి, తిన్నాక అత్తా, నా భర్తా నవ్వుతూ చెప్పారు. పిల్ల మళ్లీ మా ఇంట్లో ముద్ద ముట్టలేదు.

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక గ్రంథాలయంలో కూర్చుని నా అంతట నేనే నేర్చుకున్నాను. పాలు లేకుండా కడుపు నిండే సలాడ్ ఎలా చేయాలో కూడా అక్కడి పుస్తకాల్లోనే పట్టుకున్నాను. గింజ ఆరకముందే కలిపితే ముద్దవుతుందని, ఉప్పు ముందే వేస్తే కూరగాయ నీరు వదులుతుందని నాకెవరూ చెప్పలేదు. చదువుకున్నాను. "ఆదివారం రా, నా మాట మీద రా" అని ఫోన్ చేశాను. వచ్చింది.

సామలు పలుకుగా వండి పళ్లెంలో ఆరబెట్టాను. మేట్టుపాళయం నుంచి తెచ్చిన క్యారెట్, బీట్‌రూట్, బీన్స్ సన్నగా తరిగాను. ఉడికిన అలసందలు, వేయించిన వేరుశనగలు, నిమ్మరసం, నువ్వులనూనె, మిరియాల పొడి వేసి కలిపాను. కొత్తిమీర కోసం పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి గిన్నెలోంచి నెయ్యి వాసన.

మా ఇళ్లలో తొలి వడ్డన మీద నెయ్యి పెద్దావిడ చేత్తోనే పడాలి. నెయ్యి పడని ఆకు చావింటి ఆకని మా అత్త నమ్మకం.

"ఏమత్తా ఇది?"

"ఒక కరండి పోసినాను, అంతే," అంది అత్త చేతిలో గరిటె చూపిస్తూ. "వట్టి గింజలు వేసేదానికి అదేమన్నా కోడా? నా మనమరాలు."

హాల్లోంచి నా భర్త అన్నాడు, "సరి, విడు. కలిపేసి పెట్టు. దానికెట్ల తెలుస్తుంది?"

తెలియదు. నిజమే. అదే నా ఒళ్లు మండించింది. నా మాట నమ్మి వచ్చిన పిల్లకు నా చేత్తోనే మోసం తినిపించమంటున్నారు.

గిన్నె ఎత్తుకెళ్లి తొట్టిలో బోర్లించాను.

"బుక్కులు చదివి చదివి దీనికి మండ చెడిపోయింది," అంది అత్త తన తల మీద వేలితో కొట్టి చూపిస్తూ.

"ఆవు నెయ్యి ఆవుకే చేరింది కదత్తా. మీకెందుకు బాధ?"

మళ్లీ పొయ్యి మీద సామలు పెట్టాను. మిద్దె మీద ఉన్న కూతురు దిగి వంటింట్లోకి వచ్చింది.

"మళ్లా ఎందుకమ్మా చేస్తుండావు?"

"అవ్వ నెయ్యి పోసింది. మీ నాయన నీకు చెప్పొద్దన్నాడు."

ఆమె తలుపు పక్కనున్న తన బ్యాగు వైపు చూసింది. వెళ్లొద్దని నేను ఆపలేదు. ఆపే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ మిగల్లేదు.

"కత్తి ఎక్కడుంది?" అంది.

ఇద్దరం తరిగాం. అత్త నెయ్యి గిన్నె పట్టుకుని గడప దగ్గరే నిలబడింది. కలపడం అయ్యాక నేను గిన్నెకు మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టాను. పిల్ల పళ్లెం ముందు కూర్చునేదాకా ఆ చెయ్యి తీయలేదు.