నాలుగో నంబరు

మా అన్నకు చింతామణిలో బోరు మోటార్ల వైండింగ్ షాపుంది. కాలిపోయిన మోటారును బోరులోంచి పైకెత్తడం, షాపుకు తెచ్చి వైండింగ్ చేయడం, మళ్ళీ దింపడం ఆయన పని. ఫోన్లు ఎత్తడం, ఏ రోజు ఎవరి పొలానికి బండి పోవాలో చూడడం నా పని. ఉన్నది ఒక్క బండి, ఒక్క జట్టు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం మోటార్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కాలతాయి.

చాలా ఏళ్ళు నల్లబల్ల మీదే నడిచింది. వరస నంబరు, ఊరు, పని సుద్దముక్కతో రాసేదాన్ని. అయిపోయినవాటిని అన్న భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు. ఆ తువ్వాలు ఉతకలేక మా వదిన ఎన్నిసార్లు తిట్టిందో. పోయినేడు కంప్యూటర్లో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టాను, ఒక్కో మోటారుకు ఒక్కో కార్డు. ఆ తర్వాత వీడియోలు చూసి నేర్చుకుని దానికొక ఆటోమేషన్ తగిలించాను. పొద్దున ఎనిమిదింటికి అది తనంతట తానే కార్డులన్నీ చదివి, దగ్గర దగ్గర ఊళ్ళను ఒకచోట చేర్చి, ఆ రోజు వరస తయారు చేస్తుంది. పొద్దున కైవార ఊరికి పోయొచ్చిన బండి మధ్యాహ్నం మళ్ళీ కైవారే పోయే తిప్పలు తప్పాయి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నా సంగతీ అంతే. మా వైపు రైతులు రాహుకాలంలో మోటారు దింపనివ్వరు. ఏ రోజు రాహుకాలం ఎప్పుడో కూడా దానికి నేర్పించాను. దింపే పని ఆ గంటన్నరలో పడితే కార్డు దానంతటదే పక్కకు జరిగేది. అన్న నా కుర్చీ వెనక నిలబడి చూసి, "పంచాంగం కూడా చదవతాండాదే నీ మిషను!" అన్నాడు. నా కళ్ళు నెత్తికెక్కాయి. ఆ రోజే నల్లబల్లను గోడవైపు తిప్పి పెట్టించాను.

ఆ నెలలోనే బాగేపల్లి వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఎకరా టమాటా తోట, పిందె మీదుంది, మోటారు కాలిపోయింది. కార్డు రాసుకుని స్క్రీన్ చూశాను. మర్నాటి జాబితాలో మూడోది. "రేపు మీదేనమ్మా" అన్నాను.

మర్నాడు బండి పోలేదు. సాయంత్రం ఆమె మళ్ళీ అడిగితే, స్క్రీన్ చూసి మళ్ళీ "రేపు" అన్నాను. మూడోరోజూ అంతే. నాలుగోరోజు ఆమే బస్సెక్కి షాపుకొచ్చింది. తిడుతుందేమోనని లేచి నిలబడ్డాను. తిట్టలేదు.

"రేపు రేపంటాండావు కదమ్మా, ఆ రేపు యాడుండాదో నేనే చూసి పోదామని వచ్చినా" అంది.

స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. ఆమె కార్డు అట్టడుగున ఉంది. తెరిచి చూస్తే, మూడు రోజులూ పొద్దున ఎనిమిదింటికి కిందికి జరిగినట్టుంది. జరిపింది ఆటోమేషన్. ఒకే దోవలో రెండు పనులుంటే అవి ముందు, ఒంటరిది తర్వాత అని దానికి చెప్పింది నేనే. రోజూ పొద్దున దిబ్బూరహళ్ళి నుంచో కైవార నుంచో జతలు వచ్చి చేరుతున్నాయి. ఆమె దోవలో ఇంకొకరి మోటారు కాలేదాకా ఆమె కార్డు అక్కడే ఉండేది. మిషను చెప్పిన పని చేసింది. చూసుకోకుండా మూడుసార్లు రేపన్నది నేను. నాకు తల కొట్టేసినట్టయింది.

"పక్క తోటాయన రోజుకు గంట నీళ్ళిడస్తాండాడు. అది సగానికే సాలతాండాది. మిగిలిన సగం చూడబుద్ధి కాదమ్మా" అంది.

పరుగున పోయి బయల్దేరుతున్న బండిని ఆపాను. తప్పు నాదని అన్నకు చెప్పి, ఆ రోజు వరసలో ఉన్నవాళ్ళకు నేనే ఫోన్లు చేసి బతిమాలుకున్నాను. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి నేనూ ఎక్కాను. మోటారు ఎత్తుకొచ్చాం. అన్న మిగతా పనులాపి వైండింగ్ పూర్తి చేశాడు. రెండోరోజు దింపడానికి పోతే, రాహుకాలం పోవడానికి ఇంకా అరగంట ఉందని మావాళ్ళు నీడన కూలబడ్డారు.

"నా తోటకు పట్టిన రాహువు వదిలింది. దింపండప్పా!" అందామె. ఆ రాహువు ఎవరని నేనడగలేదు.

నీళ్ళు ముందు ఎర్రగా వచ్చి, తర్వాత తేటపడ్డాయి. ఆమె డ్రిప్ పైపుల వెంబడి సాలు సాలుకూ నడిచి చూసుకుంది. ఎనిమిది సాళ్ళు అప్పటికే పోయాయి. మిగిలిన తోట నిలిచింది.

తిరిగొచ్చాక ఆటోమేషన్ మార్చాను. ఒకసారి నంబరు ఇచ్చాక కార్డు పైకి పోవచ్చుగాని కిందికి జరగకూడదు. దోవలు కలిపేది ఆ తర్వాతే. రాహుకాలం వస్తే గంట మారాలి, రోజు మారకూడదు. నల్లబల్లను మళ్ళీ వాకిలివైపు తిప్పించాను. ఇప్పుడు స్క్రీన్ మీది వరసే సుద్దముక్కతో దానిమీద రాస్తాను. వచ్చినవాళ్ళు తమ నంబరు తామే చూసుకుంటారు. బండి కొంచెం ఎక్కువ తిరుగుతుంది. అన్నేమీ అనడు. తువ్వాలు గురించి వదిన మాత్రం అంటుంది. ఆ తిట్లు వింటే నాకు హాయిగానే ఉంటుంది.

ఈ ఎండాకాలం ఆ టమాటా తోటామె మళ్ళీ ఫోన్ చేసింది. "మళ్ళీ కాలిపోయిండాదమ్మా."

పాత సిగ్గు ఇంకా ఉంది కాబట్టి, "మీది ఫస్ట్ పెట్టేస్తానమ్మా" అన్నాను.

"వద్దు. వరసలో ఎన్నోది వస్తాది?"

"నాలుగోది."

"నాలుగంటే నాలుగే ఉంటాది కదా?"

"ఉంటుందమ్మా."

"అయితే నాలుగే రాయి" అని పెట్టేసింది.

రాశాను. మర్నాడు ఎనిమిదింటికి స్క్రీన్ ముందు కూర్చున్నాను. దిబ్బూరహళ్ళి నుంచి కొత్తగా రెండు కార్డులు వచ్చి చేరాయి. ఆమెది నాలుగో నంబరులోనే ఉంది.