గంగాళంలో పదిహేను ఊపిర్లు

మొన్న మా మనవరాలు సముద్రం అడుగున మునిగిన ఓడ చుట్టూ తాను ఈదిన ఫొటోలు చూపిస్తూ, వీపు మీది సిలిండర్లో ఇంకెంత గాలి మిగిలిందో చెప్పే గడియారం లాంటిది ఒకటుందని వేలు పెట్టి చూపినప్పుడు, నా చూపు దాని ముల్లు మీదే ఆగిపోయింది.

పోలీసు చర్యకు కొద్ది నెలల ముందు, హైదరాబాదులో టెక్నికల్ చదువు మధ్యలో ఆగిపోయి, నేను నందికొండకు ఎగువన కృష్ణ ఒడ్డున మేనమామ ఇంట్లో ఉన్నాను. మామ పడవ నడిపేవాడు. రజాకార్లకు చిక్కకూడదని దాన్ని రాళ్లతో నింపి మూడు నిలువుల లోతు మడుగులో ముంచేశాడు. ఒక ఉదయం పక్క ఊరి మీద పొగ లేచింది. అవతలి ఒడ్డు యూనియన్ ప్రాంతం; ఊరంతా దాటాలంటే ఆ పడవే దిక్కు.

ఊపిరి కోసం మాటిమాటికీ పైకి వస్తూ రాళ్లన్నీ తీసేంత వ్యవధి లేదు. పెళ్లిళ్ల గంగాళాన్ని బోర్లించి, చుట్టూ రాళ్లు కట్టి, గాలితో సహా పడవ పక్కకు దించాము. అది పదిహేను ఊపిర్లకు సరిపోతుందని లెక్కకట్టి, నియమాలు కాగితం మీద రాసి మామకు చదివి వినిపించాను: గాలి గంగాళంలో పీల్చాలి, బయటి నీళ్లలోకి వదలాలి, పీల్చిన ప్రతిసారీ నడుముకు కట్టిన తాడును ఒకసారి గుంజాలి, పదిహేనోది కాగానే పైకి రావాలి.

"సదువుకున్నోనివి, నువ్వు చెప్పినంక ఫికరేంది అల్లుడా," అని నవ్వి మునిగాడు.

పదోసారి గుంజాక, ఒడ్డున నా చేతిలో ఉన్న తాడు కొస మళ్లీ కదలలేదు.

"గుంజురా!" అంది అత్తమ్మ.

"ఇంకా ఐదున్నయత్తమ్మా," అన్నాను కాగితం చూస్తూ.

"నీ కాయితం మన్నువడ! మనిషేడిరా?" అంటూ తాడు నా చేతిలోంచి లాక్కుని తానే గుంజింది.

ముక్కులోంచి రక్తం కారుతూ మామ తేలాడు. వెనకే, చివరి రాయి వదిలిన పడవ తేలింది. ఇసుక మీద మామ వీపు నొక్కుతుండగా చదివిన పాఠం గుర్తొచ్చింది: లోతుకు పోయినకొద్దీ నీరు గాలిని అదుముతుంది. పైన పదిహేను ఊపిర్లకు సరిపోయే గాలి, అంత లోతులో పదింటికే వస్తుంది.

మామ కళ్లు తెరిచి, "నేనే ఎక్కువ పీల్చిన్నేమోరా, ఇంక ఐదుండె గదా," అన్నాడు.

ఊరంతా క్షేమంగా దాటింది. మామకు ఎడమ చెవి మళ్లీ వినపడలేదు. ఆ మడుగు ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగున ఉంది. ఈనాటి వాళ్లు ముల్లు చూసుకుని దిగుతారు. ఆనాడు మామ నా మాట నమ్మి దిగాడు. ఆయన బతికున్నన్నాళ్లూ, వెళ్లినప్పుడల్లా వినపడే చెవి వైపే కూర్చునేవాణ్ని. ఆ ఒక్క లెక్క మాత్రం చెప్పలేకపోయాను.