మలుపు దగ్గర మూడు దెబ్బలు

పితొరో దోనెలోనే పుట్టాడని వాళ్లమ్మ చెప్పేది. నడక రాకముందే గెడ పట్టాడని కూడా చెప్పేది. ఈ రెండోది నమ్మనక్కర్లేదు, వాళ్ల ఊరు దిత్సోరోలో ప్రతి తల్లీ కొడుకు గురించి ఆ మాటే అంటుంది. దోనె నడపడం తప్ప అతను వేరే పని నేర్చుకోలేదన్నది మాత్రం నిజం. అవతలి ఊళ్లకు మనుషుల్ని దాటించేవాడు, వలలు వేసేవాడు, భార్య గావోలాపె కలువ దుంపలు తవ్వుకుంటుంటే దోనె కదలకుండా గెడ పాతి నిలబడేవాడు.

ఒకవాంగో నది వరద తీరే వేరు. వానలన్నీ అయిపోయి, చలి మొదలై, ఆకాశంలో మబ్బు తునక కూడా లేనప్పుడు వస్తుంది. ఎక్కడో అంగోలా కొండల మీద పడ్డ నీరు నెలల తరబడి నడిచి నడిచి వస్తుంది. అంత దూరం నడిచొచ్చే దానికి దారి కావాలి కదా. ఇసుక మేట వేసి, జమ్ము అల్లుకుపోతే నీరు బతిమాలదు, ఇంకోవైపు పోతుంది. దిత్సోరో పాయను ఎవరు తెరిచి ఉంచుతున్నారని ఊళ్లో ఎవరూ అడగలేదు. గాలి ఎవరు విసురుతున్నారని అడుగుతామా?

తెరిచి ఉంచింది తెగినచెవి. అదొక ముసలి నీటిగుర్రం. పగలంతా మలుపు దగ్గర మడుగులో మునిగి ఉండేది, పొద్దు వాలగానే అదే దారిన, పొట్ట ఈడ్చుకుంటూ గడ్డికి పోయేది. ముప్పై ఏళ్లు ఒకే దారి. ఆ దారిన నీరు పారేది. నీటి వెంట చేపలు గుడ్లు పెట్టడానికి ఎక్కేవి, చేపల వెంట నీటికుక్కలు వచ్చేవి. అది తొక్కి విరిచిన జమ్ములోంచి లెచ్వే జింకలు దాటేవి. వాటన్నిటి వెనకా మనుషుల దోనెలు.

మలుపు వస్తుందనగా గెడతో దోనె అంచు మీద మూడు దెబ్బలు కొట్టాలి. అది తాతల నాటి కట్టడి. తెగినచెవి బుస్సుమని ఊపిరి వదిలి లోతుకి జరిగేది. "ముసలాడు దారిచ్చాడు" అనుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆ రోజు దోనెలో బొనోలో అనే గావోలాపె అక్క ఉంది. రెండు రోజుల నుంచి జ్వరం. ఆసుపత్రి ఉన్న ఊరికి తీసుకెళ్తున్నాడు. మొదటి మలుపులో కొట్టేసరికి ఆమె తల పట్టుకుంది.

"మరిదీ, నీకు దండం పెడతాను, ఆ టకటక ఆపు. నా తలలోనే కొడుతున్నట్టుంది."

"ఇంకొక్క మలుపే వదినా."

"ఆ ఒక్కటీ మెల్లగా పోనీ. ముసలాడికి నువ్వెవరో తెలీదా ఏం?"

పితొరో నవ్వాడు. రెండో మలుపులో, తెగినచెవి మడుగు దగ్గర, కొట్టలేదు. దోనె కింద నీరు పైకి లేచింది. తర్వాత అతనికి గుర్తున్నది, నీటి మీద తేలుతున్న ఆమె తలగుడ్డ.

అటవీశాఖ తుపాకీలవాళ్లు వచ్చి అడిగారు, "కొట్టావా?"

"మూడుసార్లు కొట్టాను," అన్నాడు.

ఆ మాట మీదే తెగినచెవిని కాల్చారు. ఊరంతా మాంసం పంచుకుంది. గావోలాపె ముట్టలేదు. ఒడ్డుకి లాగిన తలకాయ ముందు నిలబడి, దాని వంశాన్నంతా తిట్టి, ఉమ్మి వచ్చింది.

మరుసటి వరదకి పాయనిండా కలువలే. ఆడవాళ్ల బుట్టలు నిండాయి, పీడ విరగడైందన్నారు. ఆ పై ఏడు కలువల మధ్య జమ్ము లేచింది. మూడో ఏడు మగవాళ్లు కొడవళ్లతో దిగి, దోనెలు నెట్టుకుంటూ పోయారు. కోసినచోటే వారానికల్లా మళ్లీ నిలువెత్తు. తెగినచెవి పాత అడుగుల గుంటల్లో మాత్రం కాస్త తడి ఉండడం పితొరో గమనించాడు. గమనించి, ఎవరికీ చెప్పలేదు. నాలుగో చలికాలం వరద దిత్సోరో దాకా రానే లేదు, తూర్పున మొరూతీ అనే ఊరి వైపు తిరిగిపోయింది. ఊరు విడిపోయింది. కొందరు మౌన్ పట్నంలో కూలికి చేరారు. పితొరో, గావోలాపె నీళ్లను వెతుక్కుంటూ మొరూతీ చేరారు.

వాళ్లు చేరిన ఐదో ఏడు, ఆ కొత్త పాయ వెంట ఒక కుర్ర నీటిగుర్రం వచ్చింది. వలలు తొక్కింది, ఒక దోనె విరిచింది. తుపాకీలవాళ్లు మళ్లీ వచ్చారు. ఊరు సభలో కూర్చుంది, మగవాళ్లు పీటల మీద, ఆడవాళ్లు చాపల మీద.

"వాంగ్మూలం ఇచ్చేవాళ్లుంటే లేవండి," అన్నాడు ఊరిపెద్ద మొయేటి. "పితొరో బావా, నీకంటే ఎవరికి తెలుసు? నీ ఇంట్లోనే పడింది దెబ్బ."

పితొరో లేచాడు. "దాన్ని చంపకండి. మీ పాయ పోతుంది."

"అయితే అల్లుణ్ని చేసుకుందామా?" ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"దిత్సోరో మాకు అలాగే పోయింది."

"నీటికి వెయ్యి కారణాలుంటాయి బావా," అన్నాడు మొయేటి. "దారిన పోయేవాణ్ని ఊరికే చంపే జంతువుతో కాపురం చెయ్యమంటావా? మీ వదినను చంపింది అలాంటిదే కదా?"

పితొరో చాపల వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. గావోలాపె బుట్ట అల్లుతోంది.

"ఊరికే చంపలేదు," అన్నాడు. "నేను కొట్టలేదు. మలుపులో కొట్టకుండా దాని మీదికి పోయాను. కొట్టానని అబద్ధం చెప్పాను."

మొయేటి తుపాకీలవాళ్లకు టీ ఇప్పించి పంపేశాడు. దోనె విరిగినవాడు కూడా తాను కొట్టలేదని ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడట.

ఇంటికి నడుస్తుంటే గావోలాపె ముందు నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"అక్క కొట్టొద్దందా?"

"తలనొప్పి అంది."

"తొమ్మిదేళ్లు," అంది ఆమె. "తొమ్మిదేళ్లు నాచేత ఆ ముసలాణ్ని తిట్టించావు. పక్కనే కూర్చుని విన్నావు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కలువ దుంపలకు పోవాలి. గావోలాపె బుట్టతో వచ్చి దోనె ముందు కొసన, అతనికి వీపు పెట్టి కూర్చుంది. మలుపు దగ్గరపడింది. పితొరో గెడ ఎత్తాడు. అతను కొట్టేలోపే ఆమె వంగి, పిడికిలి ముడిచి, దోనె అంచు మీద తనే మూడుసార్లు కొట్టింది. జమ్ము అవతల బుస్సుమని ఊపిరి వినిపించింది.

ఆ చలికాలమంతా ప్రతి మలుపులోనూ ఆమే కొట్టింది. ఒక్కసారైనా ఆ పని అతనికి వదల్లేదు.